దీదీని అడిగారా?

మా అక్క పోయిందన్న కబురు నాకంటే ముందు మా ఆఫీసు మొత్తానికి తెలిసింది. ఆ పొద్దున నేను సర్వర్ గదిలో ఉన్నాను. ఆ గదికి కిటికీ లేదు, గోడలు మందం, లోపల ఫోనుకి సిగ్నల్ రాదు. చెన్నై ఆసుపత్రి నుంచి బావగారు ముందు నాకే చేశారట. నేను అందకపోయేసరికి ఆఫీసు నంబరుకి చేశారు. నేను తలుపు తీసుకుని బయటికి వచ్చేసరికి అందరూ సీట్లలోంచి లేచి నిలబడి నావైపే చూస్తున్నారు. మళ్లీ మెయిల్ ఆగిపోయిందేమో, నన్ను నిలదీయడానికి లేచారేమో అనుకున్నాను.

జెట్టీ దగ్గర మా సరుకు ఓడెక్కించే గుమాస్తా ఒకాయన ఉన్నాడు. అందరం జెట్టీ భయ్యా అంటాం. ఆయన ఒక కుర్చీ నా ముందుకి లాగి, "భాభీ, బైఠో. దీదీ ఇంక లేదు," అన్నాడు.

నేను కూర్చోలేదు. ఏడుపూ వెంటనే రాలేదు. చదివేవాళ్లు ఏమనుకున్నా సరే, నాకు ముందుగా వచ్చిన ఆలోచన ఇది: ఒకే ఇంట్లో ఉండేదాన్ని, ఒకే ఆఫీసులో పనిచేసేదాన్ని, ఆఖరికి ఈ కబురు దగ్గర కూడా నేను వెనకే. ఏడవడం ఆ తర్వాత మొదలైంది.

అక్క అంటే తోడబుట్టింది కాదు. నా తోటికోడలు, మా బావగారి భార్య. బయట అందరికీ ఆవిడ దీదీ. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిన కోడలి మీద మనవాళ్లు సామెత కట్టారు. తోటికోడలు ఎగతాళిగా ఒక్కసారీ నవ్వకుండా, అన్నిట్లోనూ ముందుండి, పైగా ప్రేమగా కూడా ఉంటే ఎలా ఏడవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. అది నాకు నేనే నేర్చుకోవలసి వచ్చింది.

పోర్ట్ బ్లెయిర్ పక్కన గరాచర్మలో మాది మేడ ఇల్లు. కింద బావగారు, అక్క, అత్తయ్య. పైన మేము. పొద్దున్నే ఇద్దరం ఒకే బస్సులో ఊళ్లోకి వెళ్లేవాళ్లం. బస్సులో ఎవరో ఒకరు లేచి అక్కకి చోటిచ్చేవారు. ఆవిడ కూర్చుని నా బ్యాగు తన ఒళ్లో పెట్టుకునేది. చూసేవాళ్లకి ఎంత ముచ్చటగా ఉండేదో. నేను కమ్మీ పట్టుకుని వేలాడుతూ, నా బ్యాగుకి దొరికిన చోటు నాకెందుకు దొరకలేదా అని ఆలోచించేదాన్ని.

చేపల బజారులోనూ అంతే. మేమెప్పుడూ కొనే ఆవిడ దగ్గర మంచి సురమయి, అదే మన వంజరం, కనిపిస్తే, నేను చెయ్యి పెట్టేలోగా గోనెపట్టా కప్పేసేది. అది దీదీకి అని చెప్పేది. మేమిద్దరం ఒకే ఇంటివాళ్లమని, ఆ చేప ఒకే ఇంటికి వెళ్తుందని ఎన్నిసార్లు చెప్పినా వినేది కాదు. చివరికి ఆ చేప కింద వంటింట్లోనే ఉడికేది. పులుసు గిన్నె పైకి వచ్చేది. నేను తినేదాన్ని. రుచిగా ఉండేది, అదొక మంట.

ఆవిడ పులుసులో మామిడికాయ ముక్కలు వేసేది. నేనూ అవే ముక్కలు, అదే కారం, అదే గిన్నెలో చేశాను. అత్తయ్య ఒక ముద్ద తిని, "బానే ఉంది గాని..." అన్నారు. ఆ తర్వాత ఏమీ అనలేదు. పెళ్లయిన దగ్గర్నుంచీ నేను ఆ 'గాని'లోనే కాపురం చేశాను.

నాకు ఒక్క విషయంలో ఆవిడకంటే ఎక్కువ ఉండేది. మా నాన్న తెలుగు మాస్టారుగా ఈ అండమాన్ ద్వీపాలకి వచ్చి డిగ్నాబాద్‌లో స్థిరపడ్డ మనిషి. ఇంట్లో కూర్చోబెట్టి మాకు అక్షరాలు దిద్దించాడు. అక్కవాళ్లది తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చేసిన కుటుంబం. ఆవిడ ఇక్కడే పుట్టి, హిందీలో చదువుకుంది. తెలుగు గలగలా మాట్లాడేది గాని, చదవడం దగ్గర కూడబలుక్కునేది. అటునుంచి పెళ్లి శుభలేఖ వస్తే మేడ మెట్ల కింద నిలబడి, చదివి పెట్టమని నన్ను కేకేసేది. నేను దిగి వచ్చి కొంచెం ఎక్కువ స్పష్టంగానే చదివేదాన్ని. ఈ ఒక్క చోట నాది పైచెయ్యి కదా.

ఆవిడ దాన్ని కూడా ఉంచలేదు. ఆఫీసులో, బస్సులో, చేపలావిడ దగ్గర, కనిపించిన ప్రతివాళ్లకీ, "మా చెల్లి తెలుగు సదివితే రేడియోలో వార్తలు ఇన్నట్టే ఉంటాది," అని చెప్పేది. నా గొప్ప కూడా ఆవిడ నోటివెంటే బయటికి వచ్చేది. విన్నవాళ్లు నన్ను మెచ్చుకునేవాళ్లు కాదు. తోటికోడల్ని ఇంతలా పొగిడేవాళ్లు ఉంటారా అని ఆవిణ్ణి మెచ్చుకునేవాళ్లు.

ఆఫీసు సంగతి చెప్పాలి. మాది మందుల హోల్‌సేల్ వ్యాపారం. పోర్ట్ బ్లెయిర్‌లో గోడౌను. హట్ బే, కాంప్‌బెల్ బే లాంటి దూరపు ద్వీపాల్లోని మందుల షాపులు తమకేం కావాలో మెయిల్లో రాసి పంపుతాయి. దాన్ని ఇండెంట్ అంటాం. ఇండెంట్ అందితే సరుకు కట్టి ఓడెక్కిస్తాం. ఆ ఓడ తప్పితే మళ్లీ ఎప్పుడన్నది మా చేతిలో లేదు, సముద్రం ఇష్టం. ఆ మెయిల్ సర్వర్‌ని మొదటినుంచీ చూసింది మా అక్క. కంప్యూటర్ కోర్సు ఆవిడా చదివింది, నేనూ చదివాను. నాకు ఆ ఆఫీసులో ఉద్యోగం రావడానికి యజమాని సార్‌తో చెప్పింది కూడా ఆవిడే. అందువల్ల నేను అక్కడ ఎంత పనిచేసినా, దీదీ తీసుకొచ్చిన అమ్మాయిగానే మిగిలాను.

ఆవిడ మొదలుపెట్టిన రోజుల్లో ద్వీపాలకి నెట్ అంతా ఉపగ్రహం మీద వచ్చేది. గట్టి మబ్బు పడితే ఆగిపోయేది. ఎవరైనా పెళ్లి ఫోటోలు పంపారంటే పూటంతా వాటి వెనక ఇండెంట్లు నిలబడిపోయేవి. లాటరీ తగిలిందనీ, బట్టతల మీద జుట్టు మొలిపిస్తామనీ వచ్చే చెత్త మెయిల్ మిగతా దేశానికి చిరాకు. మాకు అది దారికి అడ్డం. అందుకని ఆవిడ వడపోత చాలా గట్టిగా పెట్టింది. "గుమ్మంలోనే అడగాల. లోపలికొచ్చి కూకున్నోణ్ణి లెగమంటే బాగోదు," అనేది.

ఆవిడది ఇంకో మాట కూడా ఉంది. "దొంగలు నలుగురొచ్చినా పర్లేదు, మనోడు ఒక్కడు బయట ఉండిపోకూడదు," అనేది. ఈ రెండు మాటలూ ఒకదానికొకటి పొసగవు. గట్టిగా అడిగితే మనవాడూ ఆగిపోతాడు, మెత్తగా ఉంటే దొంగలూ దూరతారు. ఆ రెంటి మధ్యనే ఆవిడ ఉద్యోగమంతా చేసింది. సముద్రం అడుగున తీగ వేసి నెట్ వేగం పెరిగాక చెత్త కూడా అదే వేగంతో పెరిగింది, అయినా మా దగ్గర ఇండెంట్ ఒక్కటీ తప్పిపోలేదు. అదెలాగో నేను అడగలేదు. ఆవిడ దగ్గర అడిగి నేర్చుకోవడం నాకు ఇష్టం లేదు.

శనివారం మధ్యాహ్నం ఆఫీసులో పని పలచబడేది. అప్పుడు అక్క ఉడకబెట్టిన పల్లీలు ముందు పోసుకుని, జంక్‌లో పడ్డ మెయిల్స్ తెరిచేది. వాటిలో వింతగా ఉన్నవాటిని పైకి చదివేది. ఎక్కడో ఒక రాజకుమారుడు తన ఆస్తంతా మా సార్‌కి రాసిస్తానంటాడు. ఎవరో విధవరాలు మా జెట్టీ భయ్యాని పెళ్లాడతానంటుంది. అక్క గొంతు మార్చి చదువుతుంటే అందరూ కుర్చీలు లాక్కుని చుట్టూ చేరేవాళ్లు. ఆవిడ నవ్వు రోడ్డు మీదికి వినిపించేది. ఏటే రా, పల్లీలు తిను అని నన్నూ పిలిచేది. నాకు పనుందనేదాన్ని. ఉద్యోగంలో కాలక్షేపం చేస్తూ కూడా ఇంత మంచిపేరు ఎలా తెచ్చుకుంటుందో ఈ మనిషి, అని కడుపు మండేది.

గుండె ఆపరేషన్‌కి అక్క చెన్నై వెళ్తూ సర్వర్ నాకు అప్పగించింది. పాస్‌వర్డ్‌లు చెప్పింది, ఏ వైరు ఎక్కడిదో చూపించింది. భద్రం అంది. నాకు లోలోపల ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. ఆవిడ జబ్బుకి కాదు, అంత పాపం నాకు లేదు. ఇప్పుడైనా ఎవరైనా వచ్చి నా బల్ల ముందు నిలబడతారు కదా అని.

నిలబడ్డారు. మెయిల్ ఆలస్యమైతే వచ్చేవాళ్లు, అటాచ్‌మెంట్ తెరుచుకోకపోతే వచ్చేవాళ్లు. నేను సరిచేసి చెప్పేదాన్ని. అంతా విని, తల ఊపి, వెళ్తూ వెళ్తూ, "ఎందుకైనా మంచిది, దీదీని అడిగారా?" అనేవాళ్లు. మా సార్ కూడా అదే మాట. ఆ ముక్క వింటే నాకు ఒంటికి కారం రాసుకున్నట్టుండేది.

ఆవిడ వెళ్లిన కొన్నాళ్లకి కాంప్‌బెల్ బే షాపు నుంచి ఇండెంట్ రాలేదు. హట్ బే నుంచీ రాలేదు. మొదట పట్టించుకోలేదు, సరుకు మిగిలిందేమో అనుకున్నాం. ఓడ లోడింగ్ ముందురోజు జెట్టీ భయ్యా అనుమానపడి ఫోన్లు మొదలుపెట్టాడు. అటు నెట్‌వర్క్ సరిగా లేదు. ఎంతో సేపటికి కాంప్‌బెల్ బే దొరికింది. ఆ షాపతను తెలుగువాడే. ఇండెంట్ ఎప్పుడో పంపేశానన్నాడు. షాపులో ఇన్సులిన్ అడుగంటిందని, ఈ ఓడకి రాకపోతే అక్కడి షుగరు రోగులకి ఏం చెప్పాలో తెలియదని అన్నాడు. ఫోను నేను తీసుకుని, మెయిల్ మాకు చేరలేదు, మందుల పేర్లు ఇప్పుడే చెప్పండి రాసుకుంటానన్నాను. "మీరెవరమ్మా? దీదీ లేదా? దీదీ ఉంటే ఇలగ అవదు కదా," అన్నాడు. నేను జవాబు చెప్పేలోగా లైను తెగిపోయింది. మళ్లీ దొరకలేదు.

ఇక నాకు రెండు పట్టుదలలు. ఒకటి, రేపు సరుకు ఓడెక్కాలి. రెండోది, అది నా వల్లే ఎక్కాలి.

సర్వర్‌కి ఆ మెయిల్స్ వచ్చి ఉండాలి. వస్తే వడపోత ఎక్కడో ఆపి ఉండాలి. చెత్త మెయిల్ పంపే దొంగ అడ్రసుల జాబితాలు నెట్‌లో ఉంటాయి, మా వడపోత ప్రతి మెయిల్‌కీ వాటిని అడుగుతుంది. ఆ జాబితాల్లో మన ద్వీపాల అడ్రసులు పొరపాటున చేరాయేమోనని అలా అడగడం మాన్పించాను. ఇండెంట్లు రాలేదు. రాజకుమారులూ, విధవరాళ్లూ, జుట్టు నూనెలవాళ్లూ మాత్రం వరసకట్టి సార్ ఇన్‌బాక్స్‌లోకి దిగారు. సార్ తన గది తలుపు తీసి నావైపు చూశారు. అనకపోయినా ఆ ప్రశ్న నాకు వినిపించింది. వడపోత ఆ జాబితాల్ని అడగడం మళ్లీ పెట్టేశాను.

తర్వాత షాపుల అడ్రసులన్నీ మనవాళ్ల పట్టికలో చేర్చి, వాటిని ఆపొద్దని చెప్పాను. దానివల్లా ఏమీ కాలేదు. ఎందుకంటే దూరపు ద్వీపాల్లో షాపు మెయిల్ షాపు నుంచి రాదు. ఆ పూట ఎవడు సిగ్నల్ తగిలే గుట్ట మీదికి వెళ్తే వాడి ఫోనులోంచి, వాడి సొంత అడ్రసుతో వస్తుంది. ఒకసారి మేస్త్రి, ఒకసారి షాపతని బావమరిది. పట్టికలో ఎంతమందిని రాస్తాం?

మర్నాడు పొద్దున్నే వెళ్లి, వడపోత వేసిన మార్కులు చూడడం మొదలుపెట్టాను. అది ప్రతి మెయిల్‌కీ మార్కులు వేస్తుంది. ఈ పరీక్షలో ఎక్కువ మార్కులు వచ్చినవాడే ఫెయిల్, వాణ్ణి జంక్‌లోకి తోసేస్తుంది. కొన్ని మార్కులు మనం పెట్టిన నిబంధనల ప్రకారం వేస్తుంది. మిగతావి తను నేర్చుకున్నదాన్ని బట్టి వేస్తుంది. ఆఫీసులో ఎవరు ఏ మెయిల్ మీద జంక్ మీట నొక్కినా, దానిలోని మాటలు చెడ్డవని గుర్తుపెట్టుకుంటుంది. హట్ బే నుంచి వచ్చిన ఒక పాత మెయిల్ తీసి చూస్తే, మార్కులన్నీ ఆ నేర్చుకున్న వైపు నుంచే పడ్డాయి. హట్ బే అన్న పేరు, కాంప్‌బెల్ బే అన్న పేరు, ఓడ, సెయిలింగ్, కార్గో, ఈ మాటలే దానికి గిట్టడం లేదు. మందుల షాపు మెయిల్లో ఈ మాటలు తప్ప ఇంకేముంటాయి? దీనికి ఈ బుద్ధి ఎవరు నేర్పారో నాకు అంతుపట్టలేదు. జంక్ నిండా వేలకొద్దీ చెత్త, ఒక్కొక్కటీ తిరగేసేంత టైము లేదు, ఇవాళ్టివి దొరికినా రేపు మళ్లీ ఆగుతాయి. లోడింగ్ సాయంత్రానికి.

ఆవిడకి మర్నాడే ఆపరేషన్. ఫోను చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఆవిణ్ణి ఇబ్బంది పెట్టడం ఎందుకని మనసుకి చెప్పుకున్నాను గాని, అది అబద్ధం. ఆ ప్రశ్న ఇప్పటిదాకా అందరూ అడిగారు, నేనొక్కదాన్నే మిగిలాను. నేనూ దీదీని అడిగితే ఇక నాకు అక్కడ ఏముంటుంది? కాంప్‌బెల్ బే షాపతని మాట గుర్తొచ్చి నంబరు నొక్కాను.

"ఏటే చెల్లీ, రేపు నన్ను కోస్తారు. పలకరిద్దామని చేసేవా, మెయిల్ ఆగిందా?" అంది. గొంతు నీరసంగా ఉంది గాని నవ్వు అదే.

మొత్తం చెప్పాను. మార్కుల సంగతి చెబుతుంటే మధ్యలో అడ్డు రాలేదు. అంతా విని, "ఓడ కేన్సిలయిందని మెయిలొస్తే మనోళ్లు ఏటి చేస్తారే?" అంది.

"తిడతారు."

"తిట్టి?"

అప్పుడు నాకు తెలిసింది. మా ఆఫీసులో సగంమంది ఇళ్లు ఆ ద్వీపాల్లోనే. పెళ్లాం పిల్లలు హట్ బేలో, అమ్మానాన్న కాంప్‌బెల్ బేలో. జెట్టీ భయ్యా రోజూ పొద్దున్నే ఓడల ప్రోగ్రాం తన ఫోనులోంచి అందరికీ మెయిల్ చేస్తాడు. గాలివాన రోజుల్లో అది ఎప్పుడు చూసినా ఒకటే: కాంప్‌బెల్ బే సెయిలింగ్ కేన్సిల్, హట్ బే ఓడ వాయిదా. సెలవు పెట్టుకుని, సంచి సర్దుకుని కూర్చున్నవాడు అది చదివి ఒక తిట్టు తిట్టి, ఆ మెయిల్‌ని చెరిపేయడు. జంక్ అని నొక్కుతాడు. దాన్ని చెత్తబుట్టలోకి విసిరిన తృప్తి అందులో ఉంది. నేనే కళ్లారా చూశాను ఎన్నోసార్లు. అలా ఒక ఆఫీసు కోపమంతా ఆ వడపోత నేర్చుకుంది.

"ఇన్నాళ్లూ ఎందుకు ఆగలేదు మరి?" అన్నాను.

"శనివారం శనివారం కూకుని దిద్దేదాన్ని కదే. జంక్‌లోంచి ఆ ఓడల మెయిల్స్ తీసి, ఇది మంచిదేరా నాయనా అని దానికి మల్లీ సెప్పేదాన్ని. నువ్వు సూసేవు కదా."

చూశాను. పల్లీలు చూశాను, రాజకుమారుణ్ణి విన్నాను. ఆ నవ్వుల మధ్య ఆవిడ చెయ్యి ఏం చేస్తోందో చూడలేదు. ఒళ్లు మండి, "అది నొక్కొద్దని అందరికీ చెప్పేస్తే సరిపోయేది కదా అక్కా," అన్నాను. నేనైతే ఆ రోజే సర్క్యులర్ తీసి ఉండేదాన్ని.

"సెప్పొచ్చు. పాపం, ఇంటికెల్లలేనోడు. ఓడ మీద కోపం ఎవుడి మీద సూపిస్తాడు? మీట మీద సూపించనీ. మిషన్‌కేటి, మల్లీ సెప్తే మల్లీ నేర్సుకుంటాది."

ఈ మనిషి మీద నాకున్న అసూయ పని తెలిసినందుకు కాదని అప్పుడే మొదటిసారి అర్థమైంది. పని నాకూ తెలుసు. ఆ మార్కుల లెక్క నేను ఒక్కదాన్నే తీశాను. మనుషుల కోపానికి చోటు వదిలిపెట్టి, వారం వారం వాళ్ల వెనకాల తుడిచి, ఆ సంగతి వాళ్లకి తెలియనివ్వకుండా పల్లీలు పంచే గుణం నాకు లేదు. వచ్చే ఆశ కూడా లేదు. కోర్సు చదివితే వచ్చేదైతే ఇంత కుళ్లు ఉండేది కాదు.

మొత్తం చెరిపేసి కొత్తగా నేర్పనా అని అడిగాను. "నీ ఇష్టమే. ఇప్పుడు నీదే కదా," అంది. ఎవరో వచ్చి రక్తం తీయాలన్నట్టు వినిపించింది. ఠీక్ హై, ఉంటానే అని పెట్టేసింది. నీదే అన్న ఆ మాట కోసం నేను పెళ్లయినప్పటి నుంచి ఎదురుచూశాను. అదీ ఆవిడ ఇస్తేనే నాకు వచ్చింది.

చెరపలేదు. అక్క చేసినట్టే, ఓడ పేర్లూ ద్వీపాల పేర్లూ ఉన్న మెయిల్స్ జంక్‌లోంచి ఏరి, ఇవి మంచివని దానికి చెబుతూ పోయాను. కాంప్‌బెల్ బే ఇండెంట్ ఏ మేస్త్రి పేరుమీదో ఉంది. హట్ బేది దాని కిందే. గోడౌన్‌లో అందరూ తలో చెయ్యీ వేశారు. ఇన్సులిన్ ఐసు పెట్టెల్లో సర్ది, సాయంత్రానికి జెట్టీ భయ్యా ఓడెక్కించాడు. సార్ వచ్చి నా బల్ల పక్కన నిలబడ్డారు. ఎలా దొరికిందన్నారు. జరిగింది చెప్పాను, అక్కకి ఫోను చేసిన సంగతితో సహా. ఆయన ముఖం విప్పారింది. అక్కడికక్కడే ఫోను తీసి చెన్నైకి చేశారు. థాంక్స్ చెప్పడానికి.

ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. తర్వాత జ్వరం అన్నారు. తర్వాత ఆ పొద్దున కబురు వచ్చింది.

బావగారు ఆవిణ్ణి విమానంలో తీసుకొచ్చారు. గరాచర్మ ఇంటి ముందు జనం రోడ్డులో పట్టలేదు. సిప్పీఘాట్ నుంచి ఎవరో తోటమాలులు పూలు తెచ్చారు, వాళ్లకి ఈవిడ ఎలా తెలుసో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. చేపలావిడ ఆ రోజు బుట్ట దింపకుండా వచ్చేసింది. అత్తయ్య నా భుజం మీద తల పెట్టి, నా కూతురు పోయిందే అని ఏడ్చారు. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అని అనుకున్నాను. నేను పోతే ఇందులో ఎంతమంది వస్తారని కూడా ఆ జనంలో నిలబడే ఆలోచించాను. ఏడుస్తూనే ఆలోచించాను. రెండూ ఒకేసారి వస్తాయి మనిషికి, ఇంతకుముందు తెలియదు.

తర్వాతి శనివారం ఆఫీసుకి వెళ్లాను. మధ్యాహ్నం పని పలచబడ్డాక సర్వర్ తెరిచి చూస్తే జంక్ ఉబ్బిపోయి ఉంది. జెట్టీ భయ్యా అన్ని షాపులకీ కబురు రాసి ఉంటాడు. ద్వీపాలన్నిటి నుంచీ ఆఫీసులో అందరి పేరునా జవాబులు వచ్చాయి. ఎవరెవరి ఫోన్లలోంచో, ఎప్పుడూ చూడని అడ్రసుల నుంచి, అన్నీ ఒక్కసారిగా, హట్ బే, కాంప్‌బెల్ బే, ఓడ అన్న మాటలతో. ఇంకా పూర్తిగా దిద్దుకోని వడపోత వాటన్నిటినీ చెత్త అని తేల్చి పక్కన పడేసింది. ఆఫీసులో ఎవరికీ ఒక్కటీ చేరలేదు. అవి అక్కడే ఉండిపోయినా ఎవరూ అడగరు, కొన్నాళ్లకి వాటంతట అవే చెరిగిపోతాయి. ఆ సంగతి తెలిసింది నాకొక్కదానికే.

మొదటిది తెరిచాను. మనవాడు బయట ఉండిపోకూడదు కదా.

మా అమ్మకి మందు దొరక్కపోతే దీదీ ఓడ వంటవాడి చేతిలో పెట్టి పంపింది అని ఒకరు రాశారు. చదివి, ఇది మంచిది అని నొక్కాను. నాకు మెయిల్ రాయడం ఫోనులో దీదీయే నేర్పింది, అందుకే ఇది రాయగలుగుతున్నాను అని ఇంకొకరు. మంచిది. దీదీ మా షాపుకి ఒక్కసారీ రాలేదు, అయినా మా పిల్లల పేర్లన్నీ ఆమెకి తెలుసు అని హట్ బే. మంచిది. ఒకదానిలో దీదీ అన్న మాట తప్ప ఇంకేమీ లేదు. కాంప్‌బెల్ బే షాపతను, ఇక మా మెయిల్ ఎవరు చూస్తారు అని అడిగాడు. దాన్ని రెండుసార్లు చదివాను. అదీ మంచిదే అని నొక్కాను. ఒక్కొక్కటీ చదవకుండా నొక్కొచ్చు, నేను చదివాను. ఆవిణ్ణి పొగిడిన ప్రతి మాటా నిజమేనని నా చేత్తో నేను ముద్ర వేస్తూ కూర్చున్నాను, పళ్లు బిగించుకుని, ముక్కు తుడుచుకుంటూ.

పొద్దువాలే వేళకి వడపోత నేర్చుకుంది. కొత్తగా వస్తున్నవి నా దగ్గర ఆగడం లేదు. నన్ను అడగకుండానే నన్ను దాటి వెళ్లిపోతున్నాయి. పక్క బల్లల మీద ఒకదాని తర్వాత ఒకటి ఫోన్లు మోగుతున్నాయి. ఎవరో ఒక మెయిల్ పైకి చదవడం మొదలుపెట్టారు, కుర్చీలు అటు లాక్కుంటున్న చప్పుడు, ఎవరో ఏడుపులోనే నవ్వారు. నా ముందు తెర ఖాళీగా ఉంది.